పేరంటపల్లి రేవులో తీసిన ఫొటో

మన సంఘం ప్రత్యేక సంచికకు యాత్రల మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు కబురు చేశారు. మాది కృత్తివెన్ను. మెరక అంటే కాలవగట్టు, కొండ అంటే గడ్డివామి. అలాంటి ఊరివాడు కొండల ఫొటోల చరిత్ర రాయబోతున్నాడని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు, అభ్యంతరం లేదు.

1984 మార్చి 31 శనివారం. సంవత్సరాంతపు లెక్కలు ముగించేసరికి రాత్రయింది. సోమవారం రక్తాక్షి ఉగాది. రెండు రోజులు కలిసిరావడంతో ఆఫీసు మిత్రులం ఆరుగురం రాజమండ్రి చేరి లాంచీలో పాపికొండలకు వెళ్ళాం. పండుగపూట ఇంట్లో లేనందుకు మా ఆవిడ వారం రోజులు ముభావంగా ఉంది, అది వేరే సంగతి. గోదావరి తగ్గి ఇసుక తిన్నెలు తేలాయి. కొండవాలున ఆఖరి మోదుగ పూలు, వాటి పక్కన రాగిరంగు చిగుళ్ళు. నా చేతిలో పక్క సీటు గుమాస్తా దగ్గర అరువు తెచ్చిన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా. రీలుకు పన్నెండే బొమ్మలు.

బందరులో కడిగించి చూస్తే కొండలు లేవు! తెల్లటి మసక. నలుపు తెలుపు ఫిల్ములో మోదుగ పువ్వూ, ఆకూ ఒకే బూడిదరంగు. “మిట్టమధ్యాహ్నం తీశారండీ. పైగా ఆ రోజుల్లో కొండల మీద పొగ ఉంటుంది. కటకం ముందు పసుపు అద్దం బిగిస్తే కొంత ఆగేది” అన్నాడు స్టూడియో ఆయన. అప్పటినుంచి పాతవాళ్ళు కొండల్ని ఎలా తీశారో చదవడం నాకు వ్యసనమైంది.

శామ్యూల్ బోర్న్ అని ఒక ఇంగ్లీషువాడు. నాటింగ్‌హామ్‌లో బ్యాంకు గుమాస్తా, అంటే మన కులంవాడే. ఉద్యోగం వదిలి 1863లో ఇండియా వచ్చాడు. మరుసటి ఏడు మార్చిలో లాహోరు నుంచి బయలుదేరి, కాంగ్రా, చంబా మీదుగా కాశ్మీరు వెళ్ళి, దాదాపు తొమ్మిది నెలలు తిరిగాడు. అప్పుడు రీలు లేదు. గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడే గుడారపు చీకట్లో కడగాలి. ఆ మందుకు నీలం కనపడినంతగా ఆకుపచ్చ కనపడదు. చిగురు వేసిన చెట్టు నల్లగానూ, ఆకాశం సున్నం కొట్టినట్టూ వచ్చేవి. గాలి వీచి కొమ్మ కదిలితే ఆకులు అలుక్కుపోయేవి. అయినా పట్టు వదలక 1866లో 18,600 అడుగుల ఎత్తున మణిరంగ్ కనుమలో ఫొటోలు తీశాడు.

గాజుపలకలు, మందుసీసాలు, గుడారం మోయడానికి మొదటి యాత్రకే ముప్ఫైమంది దాకా కూలీలు. కూలీలు పెట్టెలు దింపి పారిపోయారని ఆయనే రాసుకున్నాడు. మస్టర్ రోళ్ళు రాసి రాసి అరిగిపోయిన చేయి నాది. కూలి ఇచ్చామంటే పేరు, తండ్రి పేరు, వేలిముద్ర ఉండాలి. బోర్న్ గురించి నేను చదివినంతలో ఆ మోసినవాళ్ళ పేరు ఒక్కటీ కనపడలేదు.

మన కొండల్లో జరిగింది వేరు. 1939లో యుద్ధం వచ్చినప్పుడు హైమెండార్ఫ్ అనే వియన్నా పండితుడు మన దేశంలో ఉన్నాడు. శత్రుదేశపు పాస్‌పోర్టు కావడాన నిజాం రాజ్యం దాటరాదని ఆంక్ష పెట్టారు. ఆ ఆంక్షే మనకు మేలు చేసింది. 1940లో చెంచుల మధ్య, 1941లో పాపికొండల కొండరెడ్ల మధ్య ఉండి రాసుకున్నాడు, ఫొటోలు తీశాడు. కొండరెడ్ల మీద పుస్తకం 1945లో వచ్చింది. వాలు మీద చెట్లు నరికి, ఎండబెట్టి, తొలకరికి ముందు తగలబెట్టే పోడు, జీలుగు కల్లు, వెదురు కలప వర్తకుల చేతిలో నలిగిన బతుకు అన్నీ అందులో ఉన్నాయి. నా బొమ్మల్ని పాడుచేసిందని నేను తిట్టుకున్న పొగ, ఎవరిదో సంవత్సరపు తిండిగింజలకు పొయ్యి రాజేయడమని అప్పుడు అర్థమైంది. ఆయన ఫొటోలు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. మా మనవడు కొన్ని ఫోనులో చూపించాడు. కొండ ఉన్నచోట మనిషీ ఉన్నాడు.

ఆ కొండల నడుమనే పేరంటపల్లి. నిజాం కాలంలో వరంగల్ జిల్లా పాల్వంచ వైపు ఊరు. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడితే అందులోకి, 2014లో పశ్చిమ గోదావరిలోకి, 2022లో ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలకుండానే ఫైలు ఎన్ని కార్యాలయాలు తిరిగిందో లెక్కవేసుకోండి. ఆ వేలేరుపాడు మండలం పోలవరం ముంపు జాబితాలో ఉంది. జలాశయంలో నీటిమట్టం 150 అడుగులకు చేరేలా కట్టడం. అంతవరకు నింపిననాడు నదీతీరపు వాలు ఎలా ఉండేదో పాత ఫొటోలే చెప్పాలి.

నా పన్నెండింటిలో పదకొండు మసకే. పన్నెండోది రేవులో తీసింది. వెదురుమోపు దింపి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఒక కొండరెడ్డి లాంచీ వైపు చూస్తున్నాడు. వెనుక కొండ అస్పష్టం, ఆయన మాత్రం స్పష్టం. ఫొటో తీసి, లాంచీ హారన్ కొడితే పరుగెత్తాను. వెనుక నా దస్తూరీతో ‘పేరంటపల్లి, 2-4-84’ అని ఉంది. పేరు అడగలేదు.