మయర్స్ కాక్‌టెయిల్

మయర్స్ కాక్‌టెయిల్ అనేది కొన్ని విటమినులను, ఖనిజ లవణాలను కలిపి సిర ద్వారా నేరుగా రక్తంలోకి ఎక్కించే ద్రావణం. అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి చెందిన వైద్యుడు జాన్ మయర్స్ పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చింది. ఇది కణాలకు శక్తినిస్తుందని, శరీరంలోని విషపదార్థాలను తొలగిస్తుందని ప్రచారం ఉన్నప్పటికీ ఆ ప్రయోజనాలు శాస్త్రీయంగా నిరూపించబడలేదు.

చరిత్ర

మయర్స్ అనేక సంవత్సరాల పాటు తన రోగులకు ఇటువంటి సూదిమందులు ఇచ్చాడు. 1984లో ఆయన మరణించిన తరువాత ఆ రోగులలో కొందరు అలాన్ గేబీ అనే వైద్యుని ఆశ్రయించారు. మయర్స్ వాడిన మోతాదులు కచ్చితంగా తెలియకపోవడం వలన గేబీ తన సొంత మిశ్రమాన్ని రూపొందించుకున్నాడు. ఉబ్బసం, మైగ్రేన్, అలసట మొదలైన వాటిలో తన అనుభవాలను 2002లో ప్రచురించాడు. నేడు మయర్స్ పేరుతో వాడుకలో ఉన్న మిశ్రమాలకు ఈ వ్యాసమే ఆధారం.

మిశ్రమంలోని పదార్థాలు

* మెగ్నీషియం క్లోరైడ్
* కాల్షియం గ్లూకోనేట్
* బి-కాంప్లెక్స్ విటమినులు, అదనంగా బి5, బి6, బి12
* విటమిన్ సి

సిద్ధాంతం

నోటి ద్వారా తీసుకున్న విటమిన్ సి ని ప్రేగులు కొంత పరిమితి వరకే గ్రహిస్తాయి. సిర ద్వారా ఇచ్చినపుడు రక్తంలో దాని గాఢత ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇంతవరకు నిజమే. అయితే ఈ విటమినులు నీటిలో కరిగేవి కనుక అధికంగా ఉన్న భాగాన్ని చాలావరకు మూత్రపిండాలు వెలుపలికి పంపివేస్తాయి. రక్తంలో గాఢత పెరిగినంత మాత్రాన వ్యాధి నయమైనట్లు కాదు.

విషహరణ వాదన

శరీరంలో తయారయ్యే వ్యర్థాలను తొలగించే పని ప్రధానంగా కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. ఈ ద్రావణం ఏ విషాన్ని, ఎంత మేరకు తొలగిస్తుందో ప్రచారకులు సాధారణంగా చెప్పరు. కొన్ని నిజమైన విషప్రభావాలకు ప్రత్యేకమైన విరుగుడు ఉంటుంది. ఉదాహరణకు పారాసిటమాల్ మోతాదు మించినపుడు ఎసిటైల్‌సిస్టీన్ ఇస్తారు.

పరిశోధనలు

ఫైబ్రోమయాల్జియా అనే దీర్ఘకాలిక కండరాల నొప్పి గల 34 మందిపై జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2009లో వెలువడ్డాయి. కొందరికి ఈ మిశ్రమాన్ని, మిగిలినవారికి విటమినులు లేని ద్రావణాన్ని వారానికి ఒకసారి చొప్పున 8 వారాలు ఎక్కించారు. రెండు వర్గాలలోనూ ఉపశమనం కనిపించింది. వాటి మధ్య గణాంకపరంగా చెప్పుకోదగిన తేడా లేదు. చికిత్స పొందుతున్నామనే నమ్మకం వలన కలిగే ఇటువంటి ఉపశమనాన్ని ప్లాసిబో ప్రభావం అంటారు.

ప్రమాదాలు

సూది గుచ్చిన చోట సిర వాచవచ్చు, పరిశుభ్రత లోపిస్తే రక్తంలోకి సూక్ష్మజీవులు చేరవచ్చు. మెగ్నీషియం వేగంగా ఎక్కిస్తే రక్తపోటు పడిపోతుంది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారిలో అది శరీరంలో పేరుకుపోతుంది. విటమిన్ సి అధిక మోతాదులో ఆక్జలేట్‌గా మారి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. జి6పిడి ఎంజైము లోపం ఉన్నవారిలో ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నం కావచ్చు.

క్యాన్సర్, మధుమేహం వంటి వ్యాధులకు పనిచేస్తుందని ప్రచారం చేసిన ఒక టెక్సాస్ సంస్థపై 2018లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకున్నది. ఇటువంటి ప్రచారాన్ని నమ్మి అసలు చికిత్సను మానుకోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

వైద్యంలో సిర ద్వారా పోషణ

సిర ద్వారా పోషకాలను ఇవ్వడం వైద్యశాస్త్రం అంగీకరించిన పద్ధతే. ప్రేగులు పనిచేయని రోగులకు పూర్తి ఆహారాన్ని సిర ద్వారా అందించవచ్చని 1960లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డుడ్రిక్ బృందం నిరూపించింది. తీవ్రమైన థయమిన్ (విటమిన్ బి1) లోపం వలన మెదడు దెబ్బతిన్నవారికి ఆ విటమినును సిర ద్వారానే ఇస్తారు. ఈ రెండు సందర్భాలలోనూ లోపం ఏమిటో, సిర ద్వారా ఎందుకు ఇవ్వాలో ముందుగా నిర్ధారిస్తారు. ఆరోగ్యవంతులకు ఇచ్చే మయర్స్ కాక్‌టెయిల్‌కు అటువంటి నిర్ధారణ ఉండదు.