క్లోమ కణితి నిర్ధారణ: ముక్క పరీక్ష, స్కానింగు

కడుపు వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఒదిగి ఉండే క్లోమ గ్రంథి వైద్యుని చేతికి అందేది కాదు కనుక, అందులో కణితి పుట్టిన సంగతి చాలాకాలం వరకు కామెర్లు ముదిరి మనిషి చిక్కిపోయాకనో, శవపరీక్షలోనో బయటపడేది. 1858లో రుడాల్ఫ్ విర్కో వ్యాధి మూలాన్ని కణంలో వెతకాలని ప్రతిపాదించాక, శరీరం నుంచి తీసిన ముక్కను మైనంలో పొదిగి, పలుచగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూసే కణజాల పరీక్షకు, అంటే జనం మాటలో ముక్క పరీక్షకు, బలం చేకూరింది. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌రే ఎముకను చూపింది గాని మెత్తని క్లోమాన్ని చూపలేకపోయింది. 1971లో హౌన్స్‌ఫీల్డ్ యంత్రం తొలి రోగి మెదడును చిత్రించాక విస్తరించిన సి.టి. స్కానింగు ఆ లోటు తీర్చింది.

అయితే ఈ పరీక్షలు దూరపు ఊళ్లకు తేలిగ్గా అందలేదు. 1950లో విశాఖపట్నం నుంచి విడివడి ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలోని ఎచ్చెర్ల వంటి ఊళ్లకు పెద్ద వైద్యమంటే తరాలపాటు విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రే (కేజీహెచ్). అక్కడి వైద్య కళాశాల 1923లో మొదలైంది. 2008లో శ్రీకాకుళానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది.

ముక్క పరీక్ష, స్కానింగు రెండింటిలో ఏది గొప్పదన్న వాదం క్లోమం విషయంలో నిలవదు. కాన్సరు కణితికి సాధారణంగా రక్తప్రసారం తక్కువ గనుక, సిరలోకి మందు ఎక్కించి తీసిన సి.టి.లో అది చుట్టూ ఉన్న గ్రంథికన్నా నల్లగా కనబడుతుంది; పేగులకు రక్తం తీసుకువెళ్లే ధమనిని అది చుట్టేసిందా, కోసి తీయడం సాధ్యమా అన్నది చిత్రమే చెప్పగలదు. అయితే దీర్ఘకాలిక వాపు కూడా కణితిలాగే కనిపించగలదు, ఆ తేడా తేల్చవలసింది ముక్కే. ఆ ముక్కకూ పరిమితి ఉంది: ఈ కణితిలో కాన్సరు కణాలకన్నా వాటిని కమ్ముకున్న గట్టి నారపదార్థమే తరచు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, సూది ఆ నారలోనే దిగితే కాన్సరున్నా కనబడదు. అందుకే కోసి తీయగల కణితిపై అనుమానం బలంగా ఉంటే ముక్క కోసం ఆగకుండా శస్త్రచికిత్స చేస్తారు. ముందుగా కీమోథెరపీ ఇవ్వాలంటే మాత్రం ముక్క తప్పనిసరి. మందు పనిచేశాక మిగిలింది మచ్చా, కణితా అన్నదాన్ని స్కానింగు చాలాసార్లు తేల్చలేదు.

1992లో పీటర్ విల్మన్ బృందం, నోటి ద్వారా దించిన అల్ట్రాసౌండ్ గొట్టం చూపే చిత్రం ఆధారంగా సూదిని నడిపి కణాలు తీసే పద్ధతిని ప్రకటించడంతో చిత్రమూ కణజాలమూ ఒకే చేతిలో కలిశాయి. దూరపు ఊళ్లకు వచ్చిన మార్పు గమనించదగ్గది: ఒకప్పుడు ఫార్మలిన్ సీసాలో ముక్క ఒక్కటే నగరానికి పోగలిగేది, స్కానింగుకు మనిషే వెళ్లవలసి వచ్చేది, ఇప్పుడు జిల్లా కేంద్రంలో తీసిన సి.టి. చిత్రం క్షణాల్లో విశాఖకో హైదరాబాదుకో చేరగలదు గాని, ఆ సూది ప్రయోగానికి నిపుణుడున్న చోటికి రోగి ప్రయాణం కట్టక తప్పదు.