పరదా ఆపలేని మాట: ప్రభుత్వాసుపత్రి భవనాల్లో రోగి గోప్యత

పెద్దాసుపత్రి ఓపీలో డాక్టరు బల్ల ముందు ఒకరు కూర్చుని ఉంటే, వెనకే నలుగురు చీటీలు పట్టుకుని నిలబడి ఉంటారు. నెలసరి ఎప్పుడు వచ్చింది, ఎన్ని గర్భాలు పోయాయి, తాగుడు అలవాటుందా? ఈ ప్రశ్నలకు రోగి చెప్పే జవాబులన్నీ ఆ నలుగురి చెవిన పడతాయి. దీన్ని రద్దీకో, సిబ్బంది తీరుకో ముడిపెట్టి వదిలేస్తున్నాం. రద్దీ నిజమే. కానీ క్యూ ఎక్కడ నిలుస్తుందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో, ఏ కిటికీ కింద బెంచీ పడుతుందో ముందే తేల్చేది భవనం నక్షా. గోప్యతను కంటికి సంబంధించిన విషయంగానే చూసి, కట్టడం పూర్తయ్యాక పరదాలతో సరిపెట్టడం వల్ల, మాటకు కావలసిన చాటు మన ప్రభుత్వాసుపత్రుల నిర్మాణంలో వెనకబడిపోయిందన్నది ఈ వ్యాసం వాదన.

మనకు అలవాటైన పొడవాటి వార్డు 19వ శతాబ్దపు ఇంగ్లండ్ నుంచి వచ్చింది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వెలువరించిన ‘నోట్స్ ఆన్ హాస్పిటల్స్’ పెవిలియన్ పద్ధతిని గట్టిగా సమర్థించింది. రెండు వైపులా ఎత్తయిన కిటికీలు, వాటి మధ్య మంచాల వరసలు, చివర నర్సు గది. చెడు గాలే రోగాలకు మూలమన్న నాటి నమ్మకం కిటికీలను పెంచింది. ఒక్క నర్సు అందరినీ కనిపెట్టుకుని ఉండాలన్న అవసరం అడ్డుగోడలను తీసేసింది. లండన్‌లో 1871లో తెరిచిన సెయింట్ థామస్ ఆసుపత్రి ఈ పద్ధతికి పేరుపడ్డ నమూనా. 1910లో కోపెన్‌హాగెన్‌లోని రిగ్స్ హాస్పిటల్ మంచాలను కిటికీ గోడకు సమాంతరంగా తిప్పి, కొద్ది మంచాలకొక అడ్డు పెట్టింది. ఐరోపా ఆసుపత్రులు క్రమంగా చిన్న గదుల వైపు నడిచాయి. మన ప్రభుత్వాసుపత్రుల్లో మాత్రం పెద్ద హాలే చాలాకాలం నిలిచింది.

అలాగని మన ఆసుపత్రులకు మరుగు అన్న ఆలోచనే లేదనలేం. 1885లో లేడీ డఫరిన్ చొరవతో మొదలైన నిధి స్త్రీలకు వైద్యం అందించేందుకు వైద్యురాళ్లను, జనానా ఆసుపత్రులను ప్రోత్సహించింది. ఘోషా పాటించే స్త్రీ ఇల్లు దాటి వైద్యానికి రాగలిగిందంటే అందులో ఆ ఏర్పాటు పాత్ర ఉంది. అయితే ఆ మరుగు కాపాడింది ప్రధానంగా కుటుంబం పరువును. తన ఒంటి సంగతి ఎవరికి చెప్పుకోవాలో, ఎవరి చెవిన పడకూడదో రోగే నిర్ణయించుకోవడం వేరే హక్కు. పరాయి మగవాడి చూపును ఆపే గోడ పక్క మంచం మీది బంధువు చెవిని ఆపదు.

చట్టం ఆ హక్కును గుర్తించింది. 1998లో ఒక రోగికి హెచ్‌ఐవీ ఉన్న సంగతిని ఆసుపత్రి బయటపెట్టడం తప్పు కాదన్న సుప్రీంకోర్టే, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. ఆ ఏడాదే వచ్చిన హెచ్‌ఐవీ చట్టం, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలకు రక్షణనిచ్చాయి. 2023 నాటి డేటా రక్షణ చట్టం డిజిటల్ సమాచారానికే వర్తిస్తుంది. కంప్యూటర్‌లోకి ఎక్కిన వివరానికి దక్కిన రక్షణ, అదే వివరాన్ని కౌంటరు కిటికీలోంచి గట్టిగా అడిగినప్పుడు దక్కదు. హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రం తలుపు మీద పెద్ద బోర్డు, దాని ముందే అందరూ నడిచే వరండా ఉంటే, ఎవరూ నోరు మెదపకుండానే రహస్యం బయటపడుతుంది.

గోప్యత లోపిస్తే వైద్యమే దెబ్బతింటుంది. అమెరికాలో ఒక అత్యవసర విభాగంలో చేసిన అధ్యయనం 2001లో వెలువడింది. పరదాల మధ్య చూపించుకున్నవారిలో సుమారు 5 శాతం మంది, చాటు లేదన్న కారణంతో జబ్బు చరిత్రలో కొంత దాచామనో పరీక్షలో కొంత వద్దన్నామనో చెప్పారు. గోడలున్న గదుల్లో చూపించుకున్నవారిలో అలా అన్నవారే లేరు. వంద మందికి కాస్త పైగా ఉన్న చిన్న అధ్యయనమే అది. అయినా దాచిన ఆ కొంతలో గర్భం ఉండొచ్చు, ఇంట్లో తిన్న దెబ్బలుండొచ్చు. నిజం తెలియని డాక్టరు తప్పు మందు రాసే ప్రమాదం ఉంది.

మన వాతావరణంలో అసలు చిక్కు గాలితో వస్తుంది. మాట బయటికి పోకూడదంటే గోడ శ్లాబు దాకా లేవాలి, తలుపు సందులు మూసుకోవాలి. కానీ ఉక్కపోత ఊళ్లలో తలుపు మీది వెంటిలేటర్, ఎదురెదురు కిటికీలు లేకుండా గదిలో కూర్చోలేం. క్షయ వంటివి గాలి ద్వారా సోకకుండా కేంద్ర ఆరోగ్యశాఖ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా సహజంగా గాలి ఆడాలనే చెబుతాయి. గాలి, గోప్యత రెండూ ప్రాణానికి సంబంధించినవే. ఏదో ఒకటి వదులుకోవాలన్న మాటను నేను ఒప్పుకోను. జనం కూర్చునే వరండా ఒక వైపు, పరీక్ష గది కిటికీలు ఎవరూ నిలబడని లోపలి పెరటి వైపు పెడితే గాలి వస్తుంది, మాట జనంలోకి పోదు. వరండా వైపు వెంటిలేటర్‌ను సూటిగా తెరవకుండా, లోపల ధ్వనిని పీల్చే పూత ఉన్న వంపు దారి గుండా తీయవచ్చు. తలుపు రెక్క బందులను ఏ పక్క బిగించాలో ఆలోచిస్తే, సగం తెరిచినా పరీక్ష బల్ల కనబడదు. ఇందులో చాలా భాగానికి అదనపు ఖర్చు లేదు. జాతీయ భవన నియమావళి 2016లో ధ్వని నియంత్రణకు ప్రత్యేక విభాగమే ఉంది. దాన్ని ఆడిటోరియాలకు ఎంత శ్రద్ధగా చదువుతారో ఓపీ గదులకూ అంత శ్రద్ధగా చదవాలి.

కాన్పుల గదిలో నక్షా ప్రభావం ఇంకా సూటిగా కనబడుతుంది. ప్రసవ సమయంలో తోడును అనుమతించాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. అయితే గదిలో గోప్యతకు ఏర్పాట్లున్న చోటే భర్తను రానివ్వవచ్చంది. బల్లల మధ్య అడ్డు లేకపోతే ఒకామె భర్త రాక మరొకామె మరుగుకు భంగం కలిగిస్తుంది కాబట్టి ఆ నియమం సబబే. దాని ఫలితం మాత్రం బాధ కలిగిస్తుంది. నొప్పులు పడే స్త్రీ చేయి ఎవరు పట్టుకోవాలో ఆమె ఇష్టం బదులు ఒక అడ్డుగోడ నిర్ణయిస్తోంది. నొప్పులు, కాన్పు, కోలుకోవడం ఒకే చోట సాగే విడి విభాగాల పద్ధతిని అదే ఏడాది ప్రమాణాల్లో చేర్చారు. కొత్త కట్టడాల్లో దాన్ని తప్పనిసరి చేయాలి.

కనిపెట్టుకుని ఉండాల్సిన అవసరాన్ని నేను తక్కువ చేయడం లేదు. వార్డులో ఒకరు కూలిపోతే నర్సుకు కనబడాలి. రాత్రి విధుల్లో ఉండే సిబ్బందికి భద్రత ఉండాలి. కానీ ఆ పని కెమెరాలకు అప్పగించినప్పుడు ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో చూశాం. రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో స్త్రీలను పరీక్షిస్తున్న దృశ్యాలు కెమెరాల నుంచి బయటికి పొక్కి ఇంటర్నెట్‌లో అమ్మకానికి చేరాయి. కెమెరా ఎక్కడ ఉండకూడదో కూడా నక్షాలోనే గుర్తించాలి.

అమెరికాలో 2006 నుంచి కొత్త ఆసుపత్రులకు ఒక్కో రోగికి ఒక్కో గది ప్రమాణమైంది. అది మనకు సరిపోదని నా అభిప్రాయం. ఖర్చు ఒక్కటే కారణం కాదు. పక్క మంచం వాళ్ల తోడు మంచినీళ్లు అందించే వార్డుకు అలవాటుపడ్డ కొందరికి ఏకాంతం భయమే. నాలుగు నుంచి ఆరు మంచాల చిన్న వార్డులు, ప్రతి వార్డు పక్కనే తలుపు వేసుకుని మాట్లాడుకునే ఒక గది ఉంటే మనకు నప్పుతుంది.

విన్సెంట్ ఎష్ రూపకల్పనలో 1925లో పూర్తయిన ఉస్మానియా ఆసుపత్రికి బదులు గోషామహల్‌లో 2,000 పడకల కొత్త భవనానికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఇలాంటి భవనాల నక్షాల్లో ఆక్సిజన్ గొట్టాలు, విద్యుత్ లోడు ఎంత వివరంగా గీస్తారో, ప్రతి ఓపీ గదిలో రోగి కుర్చీ, తర్వాతి రోగి నిలబడే చోటు, రెంటి మధ్య అడ్డు కూడా అంత వివరంగా గీయాలి. భవనం అప్పగించుకునే ముందు లోపల మామూలు గొంతుతో మాట్లాడి, బయటి బెంచీ మీద వినబడుతోందో లేదో పరీక్షించాలి. వినబడితే సరిచేసే దాకా కాంట్రాక్టరు చివరి బిల్లు ఆపే షరతును టెండరులోనే రాయాలి.