ధ్వనియంత్రములు: అక్షరపరీక్ష

శబ్దము ఆకాశగుణమని మన తార్కికులు చెప్పిరి. కంటికి కనబడని ఆ శబ్దమును పట్టి తెచ్చి మన యింట వినిపించు యంత్రములు గుంటూరు, ప్రకాశం సీమలకు ఏ క్రమమున వచ్చెనో, వానిలో మేలైనదానిని ఎంచుటకు మనకు ఏ ప్రమాణము గలదో నేడు విచారింతము.

ప్రమాణమును ముందుగా చెప్పుదును. పాణినీయ శిక్షయందు ఒక ఉపమానము గలదు. ఆడుపులి తన పిల్లలను కోరలతో పట్టుకొని పోవునపుడు పిల్ల జారిపడదు, కోర గ్రుచ్చుకొనదు. అక్షరములను అట్లు పలుకవలెనని దాని భావము. పెక్కేండ్లు బడిలో బాలురచే పద్యములు చదివించిన నాకు ఇంతకంటె మంచి కొలత దొరకలేదు. నోటికి చెప్పిన ఈ న్యాయము యంత్రమునకును చెల్లును. అక్షరమును జారవిడుచుట ఒక దోషము. కొరుకుట రెండవ దోషము.

బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామ పాత్రమున ప్రఖ్యాతి గాంచిరి. ఆయన రంగమెక్కిన తొలినాళ్ల నాటకములకు మైకులు లేవు. కడపటి చాపమీద కూర్చున్నవానికిని మాట చేరవలెనన్నచో నటుని కంఠమే ఆధారము. గ్రామఫోను పలకలకు సైతము 1925 వరకు విద్యుత్సాయము లేదు. గాయకుడు కొమ్ముబూరలోనికి పాడగా ఆ ధ్వనిబలముచేతనే సూది గాడి చెక్కెడిది. అందు మంద్రమును, మిక్కిలి తారమును చాలవరకు జారిపోయెడివి.

పిమ్మట రేడియో వచ్చెను. మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యెను. వాల్వుల సెట్టు పెద్ద కొయ్యపెట్టె. దాని స్పీకరు వెడల్పైనది. కనుక ధ్వని గంభీరముగ నుండెడిది. 1947లో అమెరికాలో కనిపెట్టబడిన ట్రాన్సిస్టరు రేడియోను చేతిలోనికి తెచ్చెను. పత్తి తీయు చేలకును, మిరపకాయలు ఆరబోసిన కల్లములకును అది వెళ్లెను. కాని అరచేతి వెడల్పు లేని స్పీకరు మృదంగపు తొప్పిని పలికింపలేదు.

ఈ రెంటిలో ఏది మేలని మా ఊరి అరుగులపై వాదములు జరుగుచుండెడివి. నాదమున వాల్వు సెట్టుదే పైచేయి. అక్షరమున మాత్రము రెండును ఇంచుమించు సమానమే. ఏలయన, మీడియం వేవ్ ప్రసారములో సెకనుకు సుమారు 4,500 కంపనములకు మించిన ధ్వనికి చోటు లేదు. స, శ అను వర్ణములను వేరుపరచు ఊపిరి పెక్కుపాలు అంతకు పైన నుండును. కావున సరమో శరమో సందర్భమునుబట్టి ఊహింపవలసినదే. బండి మంచిదే, బాట ఇరుకు. పైగా ఉరుము ఉరిమినను, దాపున జిన్నింగు మిల్లు మోటారు తిరిగినను బరబర శబ్దము కలిసెడిది.

ఈ చిక్కునకు ఆర్మ్‌స్ట్రాంగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1933లో ఎఫ్.ఎం. పద్ధతికి హక్కుపత్రములు పొంది దారి చూపెను. మన దేశమున అది 1977 జూలై 23న మద్రాసులో మొదలయ్యెను. దానియందు 15,000 కంపనముల వరకు ధ్వని వచ్చును. మోటారు రొద మిక్కిలి తగ్గును.

ఇప్పుడు మన పల్లెల ఇండ్లకును హోం థియేటరు రిసీవరు వచ్చినది. ముందు మూడు స్పీకర్లు, ప్రక్కల రెండు, మంద్రమునకు ప్రత్యేకముగ ఒకటి. బాట ఇరుకు తీరినది. అక్షరము జారుట తగ్గినది. రెండవ దోషమే పెరిగినది. యంత్రమును శక్తికి మించి బిగ్గరగ నడిపినచో తరంగముల కొనలు తెగి, మూలమున లేని నాదములు పుట్టి పరుషముగ వినబడును. కోర గ్రుచ్చుకొనుట యనగా ఇదియే. అట్టపెట్టెపై అచ్చొత్తిన వాట్లను చూచి మురియరాదు. వాట్లు పదిరెట్లైనను చెవికి తోచు బిగ్గరదనము ఇంచుమించు రెండింతలే.

ఇది మావంటి పెద్దవారికి ముఖ్యమైన సంగతి. వయస్సు మీరిన కొలది చెవి ముందుగా తారధ్వనులను కోల్పోవును. స, శ, ఫ లు మసకబారును. తాతగారికి వినబడలేదని మనుమలు ధ్వని పెంతురు. గర్జన పెరుగును, మాట తెలియదు. ఇంటిల్లిపాది నవ్వుచుండగా ఏల నవ్విరో తెలియక కూర్చుండు వృద్ధుని కష్టము చిన్నది కాదు. చలనచిత్రములలో మాట ముఖ్యముగ నడిమి స్పీకరునుండి వచ్చును. దానిని మాత్రము కొంచెము హెచ్చించి మంద్రమును తగ్గించిన కొంత మేలు గలుగును.

గదియు యంత్రములో భాగమే. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉపన్యాసశాలలో మాట ప్రతిధ్వనించి తెలియకుండగా, సబైన్ అను ఆచార్యుడు నాటకశాలనుండి కూర్చుండు మెత్తలు తెప్పించి పరచి, ఎన్ని మెత్తలకు ఎంత ప్రతిధ్వని అణగునో కొలిచెను. మన సిమెంటు గోడల గదులకును అదియే మందు. మన చేల పత్తితో కుట్టిన పరుపులు, బొంతలు, దళసరి తెరలు గదిలో నున్నచో అక్షరము తేటపడును.

కొనబోవువారు రెండు యంత్రములను ఒకే బిగ్గరదనమున వినవలెను. బిగ్గరైనది మేలైనదిగ తోచుట చెవి నైజము. పిదప కన్నులు మూసికొని సరము, శరము, పలము, ఫలము అను మాటలను తెలిసిన కంఠముచే వినుడు. ఏ యంత్రమున నాలుగు మాటలును నాలుగుగా చెవికి చేరునో దానిని తెచ్చుకొనుడు.