అద్దం మీద మంచు - అలబామా ఆవిడ కథ

మూడేళ్ళ క్రితం సంగతి. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో నా మొదటి చలికాలం. పొద్దున్నే 9 గంటలకి మీటింగు. కిందకి దిగి చూస్తే కారు అద్దం మీద బెత్తెడు మంచు, దాని కింద గట్టిగా పేరుకున్న ఐసు. స్క్రేపర్ కొనాలన్న జ్ఞానం అప్పటికింకా రాలేదు. వైపర్ వేస్తే అది ఐసుకి అతుక్కుపోయి కుయ్యోమంది. పాత డెబిట్ కార్డుతో గీకీ గీకీ, స్టీరింగ్ ఎదురుగా అరచేతంత కన్నం చేసుకుని బయల్దేరా. మొదటి మలుపులోనే, స్కూల్ బస్సు కోసం రోడ్డు దాటుతున్న ఓ పిల్లాడు ఆ కన్నంలో ఆఖరి క్షణంలో కనబడ్డాడు. బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది. మీటింగులో ఎవరేం మాట్లాడారో నాకిప్పటికీ గుర్తులేదు.

ఆ సాయంత్రం మొదట స్క్రేపర్ కొన్నా. తర్వాత అసలీ వైపర్ని ఎవరు కనిపెట్టారా అని వెతికా.

1902-03 చలికాలంలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడ అలబామాలోని బర్మింగ్‌హామ్ నుంచి న్యూయార్క్ వచ్చారు. ఆవిడ ఇంజనీరు కాదు. ఊళ్ళో అపార్ట్‌మెంట్లు కట్టించారు, కాలిఫోర్నియాలో పశువులనీ ద్రాక్షతోటనీ చూసుకున్నారు. ట్రామ్‌లో వెళ్తుంటే డ్రైవరు అవస్థ కంటబడింది. అద్దం మూస్తే మంచుకి దారి కనబడదు, తెరిస్తే ఆ మంచంతా మొహాన కొడుతుంది. ట్రామ్ ఎక్కేవాళ్ళందరూ రోజూ చూస్తున్నదే. చలికాలం అంటే అంతేలే అని సరిపెట్టుకున్నారు. మన ప్రాజెక్టుల్లో ఏళ్ళ తరబడి నడిచే వర్కరౌండ్ లాగన్నమాట!

ఆవిడ మాత్రం ఊరుకోలేదు. డ్రైవరు లోపల కూర్చునే ఓ పిడి తిప్పితే, బయట రబ్బరు అంచున్న చెయ్యి అద్దాన్ని తుడిచే ఏర్పాటు ఆలోచించారు. మంచు లేని రోజుల్లో దాన్ని ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు. 1903 నవంబర్ 10న పేటెంటు వచ్చింది, నంబరు 743801. 1905లో ఓ కెనడా కంపెనీకి అమ్మబోతే, దీనికి పెద్దగా వ్యాపార విలువ లేదని తిప్పి పంపారు.

వాళ్ళని తిట్టడం తేలికే. కానీ అప్పటికి కార్లెన్ని? ఫోర్డ్ మోడల్-టీ వచ్చిందే 1908లో. ఆ రోజు లెక్క ప్రకారం వాళ్ళన్నది తప్పేం కాదు, రేపటి లెక్క వెయ్యలేదంతే. పేటెంటు గడువు 17 ఏళ్ళు, 1920లో అయిపోయింది. 1922లో కాడిలాక్ తన కార్లన్నిటికీ వైపర్లు పెట్టడం మొదలెట్టింది. ఆవిడకి పైసా రాలేదు. 1953లో పోయారు. అమెరికా ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరెక్కింది 2011లో.

ఇదే డెట్రాయిట్‌లో రెండో కథ. ఆగి ఆగి తిరిగే వైపర్ కోసం రాబర్ట్ కియర్న్స్ అనే ఇంజనీరు 1964లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. ట్రాన్సిస్టరు, కెపాసిటరు, రెసిస్టరు - మనం ల్యాబ్‌లో చేసిన సర్క్యూటే. ఫోర్డ్ తన కార్లలో అలాంటివి పెట్టాక, 1978లో కోర్టుకెక్కాడు. ఇందులో కొత్త భాగమేదీ లేదు కదా అని కంపెనీ వాదన. మరి ఇఫ్, ఫర్, వైల్ ముందే ఉన్నాయి కాబట్టి మనం రాసే ప్రోగ్రాములేవీ కొత్తవి కావనుకోవాలా? 1990లో జ్యూరీ, కావాలని చెయ్యకపోయినా ఉల్లంఘన నిజమేనంది. కోటి డాలర్ల పైచిలుకు వచ్చింది. పన్నెండేళ్ళ జీవితం మాత్రం ఆ కేసుకే పోయింది.

ఆయనకి డబ్బన్నా వచ్చింది, ఆవిడకి అదీ లేదు. అయినా నాకెందుకో ఆవిడ కథే ఎక్కువ పట్టుకుంది. ఆ ట్రామ్ నడిపింది ఆవిడ కాదు, ఆ ఊరూ ఆవిడది కాదు. ఎవరి ఇబ్బందో చూసి, ఇది ఇలాగే ఉండక్కర్లేదు అనుకున్నారు.

ఇప్పుడు రాత్రి మంచు పడుతుందంటే వైపర్లు పైకెత్తి పడుకుంటా. పొద్దున పది నిమిషాలు ముందే లేచి అద్దమంతా గీకి, కారు టాపు మీదది కూడా దులిపితే గానీ కదలను. కొత్తగా వచ్చే మనవాళ్ళకి చెప్పేదొకటే: సోషల్ సెక్యూరిటీ నంబరు నిదానంగా వచ్చినా ఫర్లేదు, ముందు స్క్రేపర్ కొనుక్కోండి బాబూ!