టెక్సాస్ సిటీ డ్రమ్ము, పక్కనే ట్రైలర్లు

షట్‌డౌన్ పనులకు రిఫైనరీల్లోకి వెళ్లే మనకి ఫ్లేర్ అంటే పైన మండే మంటే. ఆ మంటకి ముందు లైన్లో ఒక నాకౌట్ డ్రమ్ము ఉంటుంది. సేఫ్టీ వాల్వులు తెరుచుకున్నప్పుడు గ్యాస్‌తో పాటు కొట్టుకొచ్చే ద్రవాన్ని పట్టి ఆపేది అదే. పైపులోంచి వెడల్పయిన డ్రమ్ములోకి రాగానే గ్యాస్ వేగం తగ్గుతుంది, చుక్కలు కిందికి దిగుతాయి. 300 నుంచి 600 మైక్రాన్ల కంటే పెద్ద చుక్క మంట దాకా పోకూడదని అమెరికా పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల 521 స్టాండర్డు లెక్క.

దీంట్లో ఇన్‌లెట్ నాజిల్ సైజుది పెద్ద పాత్ర. నాజిల్ ఇరుకైతే గ్యాస్ జెట్‌లా దూసుకొచ్చి చుక్కల్ని చిదిపి మంచులా చేస్తుంది, అడుగున ఉన్న ద్రవాన్ని కూడా లేపుతుంది. అందుకే డిజైన్ వాళ్లు సాంద్రతని వేగం స్క్వేర్‌తో గుణించి, అది ఒక హద్దు దాటకుండా చూస్తారు. నాజిల్ వ్యాసం రెండింతలు చేస్తే వేగం నాలుగో వంతుకి, ఆ తాకిడి పదహారో వంతుకి పడిపోతుంది. డ్రాయింగులో ఎల్బో డ్రమ్ము చివరి డిష్ వైపు తిరిగి ఉంటే దానికీ కారణం ఉంది. ఫిటప్ కుదరలేదని మనం తిప్పి పెట్టేది కాదు.

ఇక టెక్సాస్ సిటీ సంగతి. అక్కడి బీపీ రిఫైనరీలో ఒక యూనిట్‌కి ఫ్లేరే లేదు. 1950ల నాటి పద్ధతిలో బ్లోడౌన్ డ్రమ్ము, దాని మీద గాలిలోకి తెరిచి ఉన్న పొగగొట్టం. 1992లో ఇలాంటి డ్రమ్ము ప్రమాదకరమని అమెరికా కార్మిక భద్రతా శాఖ ఓషా నోటీసు ఇచ్చింది. తర్వాత ఆ నోటీసు వెనక్కి పోయింది. అప్పటి యజమాని ఆమోకో 1997లో పాత డ్రమ్ము తీసి మళ్లీ అదే రకం పెట్టింది. ఫ్లేర్‌కి కలపలేదు. (అదే ఏడాది సెప్టెంబరులోనే మన విశాఖ హెచ్‌పీసీఎల్‌లో ఎల్పీజీ మంటలు యాభై మందికి పైగా ప్రాణాలు తీశాయి.)

2005 మార్చి 23. మెయింటెనెన్స్ అయ్యాక ర్యాఫినేట్ టవర్‌ని స్టార్టప్ చేస్తున్నారు. మూడు గంటలకు పైగా లోపలికి పోయడమే తప్ప బయటికి తీయలేదు. లెవెల్ మీటరు తప్పు చూపించింది, హై లెవెల్ అలారం మోగలేదు. టవర్ నిండి పొంగి, రిలీఫ్ వాల్వులు తెరుచుకుని ఆరు నిమిషాల్లో సుమారు 52 వేల గ్యాలన్ల వేడి ద్రవం వదిలాయి. డ్రమ్ము నిండిపోయి గొట్టం పైనుంచి ఫౌంటెన్‌లా ఎగజిమ్మింది. మధ్యాహ్నం 1:20కి ఆవిరి అంటుకుంది. ఇంజన్ ఆపకుండా నిలిపిన పికప్ ట్రక్కు వల్లే నిప్పు పుట్టి ఉంటుందని దర్యాప్తు తేల్చింది.

చచ్చిపోయిన 15 మందీ కాంట్రాక్టు వాళ్లే. ఆ యూనిట్‌తో వాళ్లకి సంబంధం లేదు, పక్క యూనిట్ టర్నరౌండ్ పనికి వచ్చారు. డ్రమ్ముకి అతి దగ్గరి ట్రైలర్ దూరం 121 అడుగులే. స్టార్టప్ జరుగుతోందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. గాయపడ్డవాళ్లు 180 మంది.

ఇంత పొంగు వస్తే నాజిల్ ఎంత చక్కగా సైజు చేసినా డ్రమ్ము ఆపలేదనే మేం అనుకుంటాం. నాజిల్ చుక్కల్ని పట్టడానికే, వరదని కాదు. ఇంగ్లండ్ పక్కన వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్‌లో ఫ్లేర్ ఉండి కూడా, 1994 జూలై 24న నాకౌట్ డ్రమ్ము నిండి ద్రవం ముందుకి పోయింది. తుప్పు పట్టిన అవుట్‌లెట్ పైపు విరిగి 26 మంది గాయపడ్డారు. మన చేతిలోని పని లెవెల్ అలారాన్ని నిజంగా మోగించి చూడటం, పైపు మందం కొలిపించడం. రోజూ టూల్‌బాక్స్ మీటింగులో "పక్క యూనిట్లో ఇవాళ ఏం స్టార్ట్ చేస్తున్నారు సార్?" అని అడగడం కూడా మన పనే. మా గ్యాంగులో ఇది అడగనిదే పర్మిట్ మీద సంతకం పెట్టం.

ఓషా 2005లో బీపీకి 2.1 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేసింది. 2007లో పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ట్రైలర్లు ఎక్కడ పెట్టాలో చెప్పే 753 నంబరు నియమావళి తెచ్చింది. 2013లో ఆ రిఫైనరీని మారథాన్ కొనుక్కుంది. ఇప్పుడు దాని పేరు గాల్వెస్టన్ బే.