క్యాస్టర్ చక్రాల అమరిక

బరువైన సామానును ఎత్తకుండా నెట్టుకుపోవడానికి అడుగున బిగించే చిన్న చక్రాన్ని, దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీతో కలిపి క్యాస్టర్ అంటారు. ముందుకూ వెనక్కీ మాత్రమే దొర్లేది ఫిక్స్‌డ్ చక్రం. ఎటు నెడితే అటు మళ్లేది తిరుగుడు చక్రం. కొనేవాళ్లు షాపులో మొదట బరువు గురించే అడుగుతారు. నిజానికి ముందు చూసుకోవాల్సినవి మలుపు, నేల.

మలుపు సంగతి కనిగిరి బజారులో తోపుడు బండిని చూస్తే తెలుస్తుంది. నాలుగూ సైకిల్ చక్రాలే, నాలుగూ ఫిక్స్‌డే. తిన్నగా పోయినంతసేపు హాయిగా కదులుతుంది. సందు మొగలో మాత్రం పండ్లమ్మే మనిషి ఒక కొసను పైకెత్తి పక్కకు జరపాల్సిందే. గుడి తేరుదీ అదే తంటా. మలుపు దగ్గర చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టి తిప్పుతారు. ఎడ్లబండికి రెండే చక్రాలు కాబట్టి ఆ బాధ లేదు.

తిరుగుడు చక్రం నేలను తాకే చోటు, పైనున్న నిలువు ఇరుసుకు సరిగ్గా కింద ఉండదు, కాస్త పక్కకు ఉంటుంది. నెట్టగానే చక్రం ఆ ఇరుసు వెనక్కి, తల్లి వెనక దూడలా చేరుకుంటుంది. కిటుకంతా అదే.

ఎక్కువ పనులకు సరిపోయేది రెండు ఫిక్స్‌డ్, రెండు తిరుగుడు చక్రాల జోడింపు. సామాన్ల ట్రాలీకి తిరుగుడువి పిడి వైపు ఉంటే మళ్లించడం తేలిక. నాలుగూ తిరుగుడువే అయితే ఇరుకు గదిలో బీరువాను పక్కకు కూడా జరపొచ్చు గానీ, వాలులో అది మన మాట వినదు. పొడవాటి బరువులకు మధ్యలో రెండు ఫిక్స్‌డ్ చక్రాలు కాస్త కిందికి, మూలల్లో నాలుగు తిరుగుడువి పెడతారు. బండి తక్కెడలా కొద్దిగా ఊగుతుంది, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది.

ఇక లెక్క. కనిగిరి ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. శుద్ధి చేసిన నీళ్ల క్యాన్ల మోత అక్కడ నిత్యకృత్యం. 20 లీటర్ల క్యాన్లు పది అంటే నీళ్లే 200 కిలోలు. ట్రాలీ బరువు 40 కిలోలనుకుంటే మొత్తం 240. నాలుగు చక్రాలున్నా 240ని నాలుగుతో కాక మూడుతో భాగించాలి, ఎందుకంటే ఎగుడుదిగుడు నేల మీద ఒక చక్రం తరచూ గాల్లో ఉంటుంది. కాబట్టి ఒక్కో చక్రం కనీసం 80 కిలోలు మోయగలగాలి.

నేల ఇంకా కఠినమైన పరీక్ష. నాపరాళ్లు పరిచిన వసారాలో రాయికీ రాయికీ మధ్య 5 మిల్లీమీటర్ల మిట్ట మామూలే. దాన్ని ఎక్కించడానికి 50 మి.మీ. వ్యాసమున్న చక్రానికి, అది మోస్తున్న బరువులో సుమారు ముప్పాతిక వంతు బలంతో నెట్టాలి. చక్రం 150 మి.మీ. అయితే ఐదింట రెండు వంతుల కన్నా తక్కువే చాలు. చిన్న చక్రం చవకే, నడుము నొప్పి మాత్రం కాదు. నైలాన్ గట్టి నేల మీద తేలిగ్గా దొర్లుతుంది, చప్పుడెక్కువ. రబ్బరు గతుకులను మింగుతుంది గానీ బరువు కింద అణిగి, కదిలించేటప్పుడు మొరాయిస్తుంది. పాలీయురెథేన్ ఈ రెండింటికీ మధ్యస్థం.

కనిగిరికి ఈశాన్యాన ఉన్న చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కు పేరు. 20 మి.మీ. మందంతో, మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న పలక సుమారు 350 కిలోలు తూగుతుంది. ఇలాంటి పలకలను నిలబెట్టి తీసుకెళ్లడానికి ఇంగ్లిష్ ‘A’ అక్షరం ఆకారపు చట్రం వాడతారు. బరువు ఎత్తులో ఉంటుంది కనుక చక్రాల మధ్య ఎడం ఎక్కువుండాలి. దారిలో చిన్న రాయి అడ్డుపడి చక్రం ఆగినా పలక ఒరిగే ప్రమాదముంది.

గుంటూరు, ప్రకాశం పత్తి మిల్లుల్లో ఒక్కో బేలు ప్రామాణిక బరువు 170 కిలోలు. అక్కడ చక్రానికి శత్రువు బరువు కాదు, నేల మీద పడిన దూది. అది ఇరుసుకు చుట్టుకుని బిగుసుకుంటే, ఎంత మంచి బేరింగ్ ఉన్నా చక్రం దొర్లడం మానేసి ఈడ్చుకుపోతుంది. దాన్ని ఆపడానికి ఇరుసు పక్కన గుండ్రటి రేకు మూతలు ఉన్న చక్రాలు దొరుకుతాయి. అవి లేనిచోట అప్పుడప్పుడూ ట్రాలీని బోర్లించి, చుట్టుకున్న పోగులను కత్తితో కోసి లాగేయాలి.